గోపాలపూర్ పాత గిడ్డంగి: గోడల్లోని ఉప్పు ఎక్కడిది?

భవనం ఒడిశా తీరాన గోపాలపూర్‌లో సముద్రానికి ఎదురుగా ఉంది. పొడవాటి హాలు, దాని ఉత్తరం పక్కన వరసగా మూడు చిన్న గదులు, ముందు వరండా, వెనక 1980లలో తగిలించిన స్నానాల గదులు. గోడల మందం రెండడుగుల పైనే. గానుగ సున్నంతో కట్టిన ఇటుక పని. పైకప్పు మద్రాస్ టెర్రస్: టేకు వాసాల మీద సన్నటి ఇటుకలను ఐమూలగా నిలబెట్టి సున్నంతో పేర్చి, ఆ పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టింది. యజమానులు బరంపురంలో ఉండే తెలుగు కుటుంబం. పేరు రాయొద్దన్నారు.

వాళ్ళ ప్రశ్న సూటిగానే ఉంది. హాలును విడగొట్టి నాలుగు ఏసీ గదులు చేసి హోమ్‌స్టే పెట్టొచ్చా, లేక పడగొట్టి కొత్తది కట్టుకోవడమే మేలా? నాకంటే ముందు చూసిన కాంట్రాక్టరు ఒకే మాట చెప్పి వెళ్ళాడట: సముద్రపు గాలి గోడల్ని తినేసింది, ఇక పనికిరావు.

పాత కట్టడాల మరమ్మతు చేసే నాబోటివాళ్ళకి ఈ మాట రోజూ వినబడేదే. నిజమో కాదో గోడనే అడగాలి. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తినే తీరు వేరు. గాలి కొట్టే ముఖాన్ని, మూలల్ని, కిటికీల అంచుల్ని పట్టుకుంటుంది, కిందా మీదా అని చూడదు. ఇక్కడ సముద్రం వైపు గోడ వయసుకు తగ్గట్టు అరిగింది, అంతే. ఘోరంగా దెబ్బతిన్నది హాలుకీ చిన్న గదులకీ మధ్యనున్న అడ్డగోడ. దానికి సముద్రం కనబడనే కనబడదు. అది కూడా హాలు వైపు ముఖమే. నడుము ఎత్తు దాకా సిమెంటు పూత, దాని పైన భుజం ఎత్తు వరకూ గోరుతో గీకితే పొడి రాలే ఇటుక. సిమెంటును ఒకచోట తట్టి ఊడదీస్తే ఇటుక ముఖం కూడా దానితో పాటు పెళ్ళలా వచ్చేసింది. అటు పక్క, అంటే గదుల వైపు, అదే గోడ గట్టిగా ఉంది.

గాలి ఒక్క గోడనే, అందులోనూ ఒక్క ముఖాన్నే ఎంచుకోదు. కాబట్టి పడగొట్టాలా వద్దా అని తేల్చే ముందు ఈ భవనాన్ని ఎవరెవరు దేనికి వాడారో తేల్చాల్సి వచ్చింది.

బస్తాలు, తర్వాత మనుషులు

రోడ్డు వైపు అరుగు ఎడ్లబండి తొట్టె ఎత్తున ఉంది. బస్తాను ఎత్తకుండా లోపలికి దొర్లించొచ్చు. సముద్రం వైపు మెట్లు లేవు, ఏటవాలు దారి ఉంది. హాలులో కింద కిటికీలు లేవు. పైన మాత్రం ఎదురెదురుగా గాలి కన్నాలున్నాయి. ఇది సరుకు నిలవ చేయడానికే కట్టిన కట్టడం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయినా దొరికింది: హాలు పై భాగంలో వెల్ల పొరలు జాగ్రత్తగా తీస్తే తెలుగు అంకెల్లో లెక్కలు బయటపడ్డాయి. ఐదేసి గీతల కట్టలు, పక్కన ౪౦, ౬౫ లాంటి అంకెలు. గోపాలపూర్ ఉన్న గంజాం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఈ ఇంటి దస్తావేజులు కూడా ఆ తేదీకి అటు తెలుగు, ఇంగ్లీషు, ఇటు ఒడియా.

గోపాలపూర్‌లో ఓడలు ఒడ్డుకు రాలేవు. కెరటాలు విరిగే చోటు దాటి దూరంగా లంగరు వేసేవి. సరుకును, మనుషుల్ని మసూలా పడవల మీద చేరవేసేవారు. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి కట్టే పడవలవి. కెరటం గుద్దినా పగలకుండా వంగుతాయి. అందుకే ఒడ్డున గిడ్డంగి తప్పనిసరి. సముద్రం ఒప్పుకునే దాకా సరుకు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

రిపేరు మనిషిగా నాకు నచ్చిన సంగతి హాలు నేల మీద ఉంది. ఎర్ర గచ్చు పగలగొట్టి చూస్తే కింద పాత రాతి పలకల మీద దుంగలు పెట్టిన గుర్తులు వరసగా కనిపించాయి. అవి గోడకు చేరువగా లేవు. మనిషి అడ్డంగా నడిచేంత సందు వదిలి మొదలయ్యాయి. అంటే బస్తాలు నేలకూ తగలవు, గోడకూ తగలవు. ధాన్యానికి చెమ్మ పట్టకూడదని చేసిన ఏర్పాటు అది. దాని వల్ల గోడ కూడా బాగుపడింది.

1890లలో రైలు వచ్చింది. కలకత్తా, మద్రాసుల మధ్య లైను బరంపురం మీదుగా పోవడంతో సరుకు చాలావరకు 16 కిలోమీటర్ల అవతలున్న ఆ స్టేషనుకి మళ్ళింది. రేవు మాత్రం వెంటనే మూతపడలేదు. బర్మాకి కూలికి వెళ్ళే జనం దాన్ని నిలబెట్టారు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం లాగే గోపాలపూర్ కూడా రంగం (రంగూన్) స్టీమర్ల రేవు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు తిరిగేవి. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి ఉత్తరాంధ్ర, గంజాం తెలుగువాళ్ళే ఎక్కువగా వెళ్ళేవారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి జట్టు కట్టి తీసుకుపోయే పద్ధతి.

ఈ మార్పు భవనంలో చక్కగా చదవొచ్చు. చిన్న గదుల్లో మొదటిదానికి వరండా వైపు ఒక కిటికీ కోశారు. కోసిన అంచుల్లో పెట్టిన ఇటుక సైజు వేరు, సున్నం రంగు వేరు. కిటికీ కింద వరండా రాయి గుంటపడేలా అరిగింది. టికెట్టు కోసం నిలబడ్డ కాళ్ళవి. ఒక దస్తావేజులో ఆ గదిని స్టీమరాఫీసు అనే రాశారు. ఇంటి పెద్దావిడ చెప్పిన మాట కూడా దీనికి సరిపోయింది.

"మా మావగారు చెప్పేవారు బాబూ. రంగం ఎళ్ళేవోళ్ళు ముందుగానే వచ్చి పడుకునేవారట. ఓడ కనబడేదాకా వంటా తిండీ ఆ వరండాలోనే."

వరండా వాసాల అడుగున వెల్ల పొరల కింద మసి దట్టంగా ఉంది. పెద్దవాళ్ళు చెప్పిన ప్రతి మాటా ఇలా దొరకదు. దొరికినప్పుడు రాసుకోవాలి.

ఆ రాకపోకలు కూడా తగ్గుతూ వచ్చాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మీయులకీ మధ్య పెద్ద గొడవలు జరిగాయి. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో ఆ నగరం వాళ్ళ చేతిలోకి పోయింది. ఓడలు ఆగాయి. గోపాలపూర్‌కి రేవు పోయింది గానీ విహారం మిగిలింది: మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు 1914లోనే ఇక్కడ పామ్ బీచ్ హోటల్ కట్టాడు. అది తర్వాత ఒబెరాయ్ వాళ్ళ చేతికి, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళ చేతికి వచ్చింది. మన గిడ్డంగిని కొన్నాళ్ళు వేసవి ఇల్లుగా వాడుకున్నారట. ఆ కాలం గోడలకు చేసిందేమీ లేదు, రెండు పొరల నీలం వెల్ల తప్ప.

అడ్డగోడ సంగతి

చెమ్మ కొలిచే చేతి మీటరుని ఇలాంటి చోట నమ్మకూడదు. అది విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చూసి చెమ్మ లెక్క చెబుతుంది. ఉప్పున్న గోడ ఎండిపోయినా తడిగానే చూపిస్తుంది. అందుకని గోడకు వేర్వేరు ఎత్తుల్లో సన్నటి కన్నాలు వేసి, పైపొర పొడి వేరుగా, లోతు పొడి వేరుగా తీశాం. తూచి, ఓవెన్లో ఆరబెట్టి మళ్ళీ తూస్తే అసలు చెమ్మ తెలుస్తుంది. అదే పొడిని డిస్టిల్డ్ వాటర్లో కలిపి వడకట్టి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే క్లోరైడు, అంటే మామూలు ఉప్పులో ఉండేది, ఉన్నచోట తెల్లగా విరుగుతుంది.

సముద్రం వైపు గోడలో బయటి పొర తెల్లబడింది, లోపలికి పోయేకొద్దీ తేటపడింది. గాలి ఉప్పు అలాగే ఉంటుంది. అడ్డగోడ హాలు వైపు మాత్రం పైపొరా లోతూ ఒకేలా పాలలా విరిగాయి. భుజం ఎత్తు దాటాక ఒక్కసారిగా తేటపడింది. చిన్న గదుల వైపు నుంచి తీసిన పొడిలో దాదాపు ఏమీ లేదు. అంటే ఆ ఉప్పు హాలులోంచే, కింది నుంచే, ఏళ్ళ తరబడి ఇంకింది.

జవాబు వరండాలో వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర దొరికింది. గోపాలపూర్ పల్లెలో వాడబలిజలు తెలుగువాళ్ళే, ఒడియావాళ్ళు నోలియాలంటారు.

"ఇది ఉప్పుచేపల కొట్టు కదా బాబూ. మా అయ్య బుట్టలు మోసీవోడు. ఈ గోడకే ఆనించి పేర్చీవోరు. కిందంతా ఉప్పునీళ్ళు కారీవి."

ఎందుకు ఈ గోడకే అంటే, ఎదుటి గోడకి తలుపులున్నాయి, సముద్రం వైపు తలుపులున్నాయి. తలుపుల్లేని పొడవాటి గోడ ఇదొక్కటే. బియ్యం వ్యాపారి సందు వదిలిన చోట చేపల వ్యాపారి ఆనించాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన సరుక్కి చెమ్మ భయం లేదు. ఉప్పులో ఊరిన చేప నుంచి కారే నీరు రాతి పలకల సందుల్లోకి, అక్కణ్ణుంచి ఇటుకలోకి పోయింది. ఆ ఉప్పు ఇంకా అక్కడే ఉంది. చేపలు వెళ్ళిపోయి ఏళ్ళయినా ఇటుక దాన్ని వదలదు.

అయినా అప్పటికి గోడ బతికే ఉండేది. సున్నపు పూత రాలుతుంది, మళ్ళీ వేస్తారు, రాలిన పూతతో కొంత ఉప్పు బయటికి పోతుంది. అసలు దెబ్బ 1980లలో తగిలింది. కలకత్తా టూరిస్టుల కోసం లాడ్జి పెట్టాలని హాలును చెక్క పార్టిషన్లతో విడగొట్టారు. కింద మరకలు కనబడకుండా నడుము ఎత్తు దాకా సిమెంటు పూసి ఆయిల్ పెయింట్ వేశారు. నేల మొత్తం ఎర్ర గచ్చు చేశారు. నేలలోని చెమ్మకి ఇంతకుముందు రాతి సందుల్లోంచి, సున్నపు పూతలోంచి ఆరిపోయే దారి ఉండేది. ఆ దారులు మూసేసరికి అది గోడల్లోకి మళ్ళి సిమెంటు దాటి పైకెక్కింది. ఉప్పునూ మోసుకెళ్ళింది. భుజం ఎత్తున ఇటుక పొడైపోవడానికి కారణం అదే. మరక కనబడకుండా చేసిన పని మరకను రెండడుగులు పైకి పంపింది.

వెనకున్న స్నానాల గదుల కథ వేరు, చిన్నది. ఒడ్డు ఇసుకతో కలిపిన కాంక్రీటు, చువ్వ మీద వేలెడు కూడా లేని కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం. తుప్పు పట్టిన చువ్వ తన అసలు పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. స్లాబు అడుగు పెచ్చులూడి చువ్వలు వేలాడుతున్నాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. ఆ గాలికి వరండా రేకులు ఎగిరిపోయాయి, స్నానాల గదుల సన్‌షేడ్ విరిగిపడింది. పాత హాలు కప్పు మాత్రం కదల్లేదు. పల్లెవాళ్ళు వలలు, పడవ ఇంజన్లు ఈ హాల్లో పెట్టి తాళం వేసి, తాము తుఫాను షెల్టర్‌కి వెళ్ళారట. తర్వాత లాడ్జి మళ్ళీ తెరవలేదు.

ఏసీ ఎందుకు కుదరదన్నాను

ఇక యజమానుల ప్రశ్నకి వచ్చాం. చిన్నబ్బాయి వ్యాపారం తెలిసినవాడు. "ఏసీ లేకపోతే ఈ రోజుల్లో ఎవరొస్తారు సార్?" అన్నాడు. న్యాయమైన మాటే.

మామూలు ఉప్పుకి ఒక హద్దు ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది గాలిలోని నీటిని లాక్కుని కరుగుతుంది, కిందికి దిగితే మళ్ళీ పలుకు కడుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చేసే పనే గోడ లోపలా జరుగుతుంది. కరిగి ఉన్నంతసేపు ఉప్పు ఇటుకని ఏమీ చేయదు. పలుకు కట్టేటప్పుడే ఇటుక సన్న రంధ్రాల్లో పెరిగి వాటిని లోపలి నుంచి నెడుతుంది. కాబట్టి గోడకి లెక్క ఎంత తడి అన్నది కాదు, ఆ హద్దును ఎన్నిసార్లు దాటిందన్నది. గోపాలపూర్ గాలికి హాలును వదిలేస్తే దాటడం కాలంతో పాటు నెమ్మదిగా సాగుతుంది. ఏసీ పెడితే? అతిథి రాత్రి ఆన్ చేస్తాడు, పొద్దున్న ఆపి తలుపు తీసి బీచ్‌కి వెళ్తాడు. సీజనంతా రోజూ ఇదే. ఏడాదిలో పడాల్సిన దెబ్బలు కొన్ని వారాల్లో పడతాయి. పైగా ఆ గదుల కోసం గోడకి పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేస్తారు. అంటే 1980ల పనే మళ్ళీ, ఇంకాస్త ఖరీదుగా.

ఇది విన్నాక పడగొట్టే ఆలోచన మళ్ళీ లేచింది. అక్కడ సీఆర్‌జెడ్ (సముద్ర తీరం వెంట కట్టడాలను నియంత్రించే కేంద్ర నిబంధనలు) అడ్డం. 1991లో మొదలై 2011లో, 2019లో మార్చిన ఆ నిబంధనల కింద ఇంత ఒడ్డున కొత్త కట్టడానికి అనుమతి తెచ్చుకోవడం టెన్షన్ పని. అనుమతి ఉన్న పాత కట్టడాన్ని పాత పునాది కొలతల్లో, ఉన్న అంతస్తు విస్తీర్ణం పెంచకుండా బాగుచేసుకోవడానికి దారి ఉంది. 2011 నోటిఫికేషన్‌లో పట్టణ తీరాల్లోని భవనాల పునర్నిర్మాణానికి, ప్రస్తుత వినియోగం మారకూడదన్న షరతు కూడా పెట్టారు. అందుకే ఏ గది ఏ కాలంలో దేనికి వాడారో చెప్పే కాగితాలు మాకు సరదా చరిత్ర కాదు, ఫైలులో పెట్టాల్సిన ఆధారాలు. ట్రంకు పెట్టెలో చెదలు పట్టబోతున్న దస్తావేజుల్ని ముందు స్కాన్ చేయించమన్నాను. ఈ వృత్తిలో సగం పని ఇదే.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. ఉప్పు లేని చిన్న గదులు మూడూ అతిథులకి, ఏసీతో. హాలు విడగొట్టకుండా, ఏసీ లేకుండా, పై గాలి కన్నాలన్నీ తెరిచి: భోజనాలకి, చిన్న ఫంక్షన్లకి. హాలు దక్షిణం చివర వలలకి, ఇంజన్లకి. పల్లెవాళ్ళు ఎప్పటినుంచో వాడుకుంటున్నదే, ఇప్పుడు నామమాత్రపు అద్దెతో కాగితం మీద. నాలుగు గదులనుకున్నది మూడయింది. అబ్బాయి ముఖం కొంచెం మాడింది, కాదనను. కానీ ఆ ఊళ్ళో గదులు చాలా చోట్ల దొరుకుతాయి, ఇలాంటి హాలు దొరకదు. పెళ్ళి చూపులకీ పుట్టినరోజులకీ బరంపురం నుంచి ఎంతమంది సముద్రం దగ్గరికి వస్తారో అతనికి నాకంటే బాగా తెలుసు.

చేసిన పని

సిమెంటు పూతను వానలు పోయాక, బ్రేకరుతో కాకుండా ఉలి సుత్తులతో తీయించాం. ఎర్ర గచ్చును గోడల వెంబడి అడుగున్నర వెడల్పున తొలగించి సున్నపు కాంక్రీటు, కంకర నింపాం. ఆ తర్వాత ఒక ఎండాకాలమంతా గోడను బోసిగా వదిలేశాం. ఇది యజమానుల సహనానికి పెద్ద పరీక్ష, చూడ్డానికి కట్టడం అప్పుడే అన్నిటికంటే అధ్వానంగా ఉంటుంది. గోడ మీద తెల్లగా పొంగే ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి గోనెలో ఎత్తి బయటికి తీసుకుపోవాలి. నీళ్ళు కొట్టి కడగకూడదు. కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. కూలీలు అలవాటు కొద్దీ పైపు పట్టుకుంటారు, దగ్గర మనిషి ఉండాలి.

అడ్డగోడకి అదీ చాలలేదు. కాగితపు గుజ్జును డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి గోడకి మెత్తి, ఆరాక ఊడదీశాం. ఆరేటప్పుడు ఉప్పు గోడలోంచి గుజ్జులోకి వస్తుంది. ఊడదీసిన గుజ్జుకి సిల్వర్ నైట్రేట్ పరీక్ష చేస్తూ, విరగడం పలచబడేదాకా మళ్ళీ మళ్ళీ మెత్తాం. పూర్తిగా పోదు. పోయిందని చెప్పేవాళ్ళ కొటేషన్ తీసుకోకండి.

పైన వేసింది సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపిన పూత. ఇసుక ఋషికుల్యలో పోటు నీళ్ళు తగలని ఎగువ నుంచి. ఈ పూత కావాలనే ఇటుకకంటే మెత్తగా ఉంటుంది. మిగిలిన ఉప్పు ఇందులోకి వచ్చి దీన్ని రాల్చాలి, ఇటుకని కాదు. సముద్రం వైపు గోడలో దిగిన టేకు వాసాల చివర్లు కొన్ని పుచ్చాయి. పుచ్చినంత మేర కోసి కొత్త టేకు ముక్క అతికి, ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలతో బిగించాం. స్నానాల గదులు మాత్రం కూలగొట్టక తప్పలేదు. అదే పునాది కొలతల్లో ఎం35 కాంక్రీటు, 50 మిల్లీమీటర్ల కవరుతో కొత్తవి కట్టించాం. సముద్రపు తుంపర తగిలే చోట కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 అడిగేది అదే.

తెలుగు అంకెలున్న జాగా మీద వెల్ల వేయలేదు. అద్దం బిగిస్తామన్నారు గానీ వద్దన్నాను, అద్దం వెనక చెమ్మ నిలుస్తుంది.

అడ్డగోడ పూత రాలడం మొదలైంది. రాలాల్సిందే. హాలు అద్దెలోంచి కొంత పక్కన పెట్టి, పూత పాడైన మేర ఎండాకాలంలో తీసి సున్నంతోనే మళ్ళీ వేయాలని, ఆ గోడకి సిమెంటు, పుట్టీ, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఏదీ వేయకూడదని నిర్వహణ ఒప్పందంలో రాయించాను. వలల జాగా అద్దె కాగితంలో ఇంకో షరతు ఉంది: తడి వలలైనా, బుట్టలైనా గోడకి మనిషి నడిచేంత సందు వదిలి, దుంగల మీదే పెట్టాలి. పెద్దాయన దానికి వేలిముద్ర వేస్తూ, దుంగలు ఎవరు కొనాలని అడిగాడు. అది యజమానుల ఖర్చు కింద రాశాం.